మిస్సింగ్ ఎక్కడ?

వేంసూరు, సత్తుపల్లి వైపు పాత ఎంపీఎఫ్‌ఐ మారుతి 800 మిస్సింగ్ కొడితే, పనితనమున్న మెకానిక్ ముందు స్పేర్‌పార్ట్స్ షాపుకు పంపడు, రుజువు వెతుకుతాడు. ఇంజిన్ నడుస్తుండగా మూడు ఇంజెక్టర్ల కనెక్టర్లనూ ఒక్కొక్కటిగా తీసి పెడతాడు. ఏది తీస్తే వణుకు పెరుగుతుందో ఆ సిలిండర్ బాగున్నట్టు. తీసినా తేడా లేదంటే దొంగ దొరికినట్టే. దాని ప్లగ్గును పక్కదాంట్లో బిగిస్తాడు. మిస్సింగూ వెంట వెళ్తే తప్పు ప్లగ్గుదే. స్కానరుండగా ఈ తతంగమెందుకని అడగొచ్చు. కొత్త బళ్లలో అది శ్రమ తగ్గించే మాట నిజమే. కానీ పీ0302 కోడ్ రెండో సిలిండర్లో మిస్‌ఫైర్ అని చెబుతుంది, ఎందుకో చెప్పదు. వాల్వు కాలి కంప్రెషన్ పడిపోయిన సిలిండర్‌కు ఎన్ని కొత్త ప్లగ్గులు వేసినా దండగే, హెడ్ విప్పాల్సిందే.