పుస్తకంలో లేని అర్ధణా

కుంకుమ పట్టేసిన రాగి బిళ్ల. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా, 1818. తాతల కాలం నుంచీ పూజగదిలో ఉందంటారు ఇంటివాళ్లు. లక్షలు పలుకుతుందని వాట్సాప్‌లో ఎవరో చెప్పారట. నాణేల సేకరణలో పండినవాళ్లు ధర ఊసెత్తరు. బీరువాలోంచి ప్రిడ్‌మోర్ తీస్తారు.

బ్రిటిష్ కామన్వెల్త్ నాణేల మీద ఫ్రెడ్ ప్రిడ్‌మోర్ రాసిన గ్రంథమాలలో నాలుగో భాగం ఇండియాది. 1975లో వచ్చిన మొదటి సంపుటంలో కంపెనీ ప్రెసిడెన్సీల నాణేలు, 1980 నాటి రెండో సంపుటంలో 1835 తర్వాతివి ఉంటాయి. 1835 చట్టం ప్రకారం కంపెనీ అర్ధణా 200 గ్రెయిన్లు, అంటే సుమారు 13 గ్రాములు తూగాలి. పుస్తకం పక్కన చిన్న త్రాసు అందుకే. రాముడి అర్ధణా కోసం ఎన్ని పేజీలు తిప్పినా కనబడదు.

అలాగని, కంపెనీ దొరలు మన దేవుణ్ణి నాణెం మీద వేస్తారా అని కొట్టిపారేసినా తప్పే. మద్రాసులో కంపెనీ ముద్రించిన మూడు స్వాముల వరహా మీద ఉన్నది వేంకటేశ్వరుడే, ఇద్దరు దేవేరులతో. గోరంత బంగారు బిళ్ల. భూతద్దం కింద వెనక్కి తిప్పితే ఇసుక చల్లినట్టు ఒత్తుగా చుక్కలు. ఇలాంటిచోట ఊహ పనికిరాదు, పేజీ నంబరు కావాలి.

మరి ఆ రాగి బిళ్ల ఏమిటి? జవాబు వేరే అరలో ఉంది. 1970లో ఇర్విన్ బ్రాట్‌మన్ మన దేవాలయ టంకాల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం వేశాడు. మైకేల్ మిచినర్ 1998లో ‘ఇండియన్ టోకెన్స్’ తెచ్చాడు. వాటిలో రాముడి బొమ్మ ఉన్న రామటంకాలు చెలామణీ కోసం పుట్టినవి కావు. పూజకు, కానుకకు చేసినవి. వాటిని నాణేల పుస్తకంలో వెతకడమే పొరపాటు. పాత రామటంకం అచ్చమైన భక్తి కళ, దాచుకోదగ్గది. దాని మీద కంపెనీ పేరు, అబద్ధపు సంవత్సరం చెక్కి అమ్మడం మాత్రం మోసం.

 

ఇంతా విన్నాక ఇంటావిడ బిళ్లను చేతిలోకి తీసుకుని, పసుపు గుడ్డతో తుడిచి, మళ్లీ దీపం పక్కనే పెట్టింది.