వైద్యసమాచార వృత్తి: పట్టికలోని పదవ వర్గము

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరితోటలకును జీడితోటలకును పేరుపొందిన ప్రాంతము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములలో కారణము తెలియని మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా వ్యాపించియున్నది. అచ్చటి రోగి ఆసుపత్రికి పోవునపుడు చేతిలో నొక ప్లాస్టిక్ సంచి యుండును. సోంపేటలో చేసిన రక్తపరీక్ష, శ్రీకాకుళములో వ్రాసిన మందులచీటి, విశాఖపట్టణములో నిచ్చిన డిశ్చార్జి కాగితము, అన్నియు అందులోనే. సంచి పోయినచో వ్యాధిచరిత్రయే పోయినట్లు.

ఆ కాగితములను విజ్ఞానముగా మార్చు వృత్తి యొకటి గలదు. అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తులకు జాతీయ కమిషను నేర్పరచుచు పార్లమెంటు 2021లో చేసిన చట్టమునకు జతచేసిన పట్టికలో పది వర్గములున్నవి. పదవది ఆరోగ్యసమాచార నిర్వహణ, ఆరోగ్య ఇన్ఫర్మాటిక్స్. రికార్డురూము గుమాస్తాగా మాత్రమే చూడబడుచు వచ్చిన ఉద్యోగికి చట్టములో స్థానము లభించుట మెచ్చదగినదే.

అయితే ఆ వర్గములో చేర్చిన పేర్లేవి? సమాచార నిర్వహణ నిపుణుడు, టెక్నాలజిస్టు, క్లినికల్ కోడరు, మెడికల్ సెక్రటరీ–ట్రాన్‌స్క్రిప్షనిస్టు. ఇన్ఫర్మాటిక్స్ అనుమాట శీర్షికలో నున్నదే గాని క్రింద ఆ పేరుగల ఉద్యోగి లేడు. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణ ననుసరించి మొదటి ముగ్గురికి 3252, చివరివానికి 3344 అను సంఖ్యల నిచ్చినారు. ఆ వర్గీకరణలో 2తో మొదలగు సంఖ్యలు నిపుణులవి, 3తో మొదలగునవి టెక్నీషియన్లవి. ఫిజియోథెరపిస్టు సంఖ్య 2264. నిపుణుడని పేరు పెట్టి సహాయకుని సంఖ్య నిచ్చుట వింతగానే యున్నది.

ఇది అక్షరములు పట్టుకొని తప్పులెన్నుట కాదు. మూత్రపిండముల లోపము మూడు నెలలకు మించి నిలిచియున్నపుడే దానిని దీర్ఘవ్యాధి యందురు. కావున క్రియాటినిన్‌ను ఒక్కమారు కొలిచిన చాలదు; రెండవ కొలతయు ఆ మనిషిదేనని తెలియవలెను. ఉత్తరాంధ్రలో నిది ఎంత చిక్కో ఉపాధ్యాయులకు హాజరుపట్టీ చూచినపుడెల్ల తెలియుచుండును. ఒక తరగతిలోనే ఇద్దరు అప్పలనాయుడులు, ముగ్గురు పైడిరాజులు! ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక. పెద్దవారు వయస్సును సుమారుగా చెప్పుదురు. మూత్రపిండముల వడపోతవేగమును గణించు సూత్రములో వయస్సును చేరియుండుటచే ఆ పొరపాటు ఫలితములోనికిని పాకును. వేర్వేరు పత్రములు ఒకే మనిషివగునా కావా యని సంభావ్యతాగణితముతో తేల్చు ఈ విద్యకు ‘రికార్డ్ లింకేజి’ అని హాల్బర్ట్ డన్ 1946లోనే పేరు పెట్టెను.

కోడింగు సంగతియు నిట్టిదే. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదవ కూర్పులో ఈ వ్యాధికి ఎన్18 అను గుర్తు. దాని వెనుకనుండు అంకె వ్యాధి ఏ దశలో నున్నదో చెప్పును, ఎందువలన వచ్చినదో చెప్పదు. మధుమేహమువలన వచ్చినచో దానికి వేరొక గుర్తు చేర్తురు. ఉద్దానపు రైతుకు చేర్చుటకేమియు లేదు. కోడరు పుస్తకమును తు.చ. తప్పక పాటించినను, శాస్త్రజ్ఞులు వెదకు ప్రశ్నయే ఆ గుర్తులో మాయమగుచున్నది. ఊరు, పని, త్రాగిన నీరు ఏ బావిదో వ్రాయుటకు గడి నేర్పరచువాడు వేరొకడు కావలెను. వాడే ఇన్ఫర్మాటిక్స్ నేర్చినవాడు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. ఆరోగ్యమిత్ర యను ఉద్యోగము నాటినుండి ఈ ప్రాంతపు యువకులకు పరిచితము. కాని ఆ దత్తాంశము ప్రధానముగా బిల్లు చెల్లించుటకు పుట్టినది. బిల్లు ఏ చికిత్స జరిగినదని అడుగును గాని రోగ మెందుకు వచ్చినదని అడుగదు.

డిగ్రీగల నిపుణునికి చట్టము కనీసము 3600 గంటల చదువును, అనుబంధ వృత్తివానికి 2000 గంటలను విధించినది. ఆ గంటలు ఫైళ్ల అమరికకును వేలిముద్రణకును పోయినచో లాభము స్వల్పము. మాటను అక్షరములుగా మార్చు పనిని ఇప్పటికే యంత్రములు చేయుచున్నవి. ఈ చదువునకు పోగోరు పదవతరగతి విద్యార్థికి జీవశాస్త్రముతో పాటు గణితమును వదలవద్దని ఉపాధ్యాయులు ముందుగానే చెప్పవలసియున్నది. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు వెలసినవి. కళాశాలలు విద్యార్థుల శిక్షణకాలములో కొన్ని వారములైనను అచ్చటను, కవిటి పరిసరములలోని గ్రామ ఆరోగ్యకేంద్రములలోను గడుపునట్లు ఏర్పాటు చేయుటకు చట్టము అడ్డు చెప్పుట లేదు.