ఆవిరెంత? ద్రవమెంత?

వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ను కాస్త కదిపితే లోపల ద్రవం తొణుకుతున్నట్టు తెలుస్తుంది. స్టవ్ దాకా వచ్చేది మాత్రం ఆవిరి. 14.2 కిలోల ఆ ఎల్పీజీలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. మామూలు వాతావరణ పీడనంలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరిగిపోతుంది, నార్మల్ బ్యూటేన్ సున్నా దగ్గర మరుగుతుంది. రెండింటినీ ఒకే సిలిండర్‌లో బిగిస్తే పైన ఆవిరిలో ఏది ఎంత చేరుతుంది, కింద ద్రవంలో ఏది ఎంత మిగులుతుంది?

చమురు బావి దగ్గరి సెపరేటర్ కొలతలు మొదలుకొని రిఫైనరీలో స్వేదన స్తంభం ఎత్తు వరకు అన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడతాయి. ఇంజినీర్లు దీన్ని ఫ్లాష్ లెక్క అంటారు.

లెక్కకు తాళంచెవి కె-విలువ. ఒక పదార్థానికి ఆవిరిలో ఉన్న వాటాను ద్రవంలో ఉన్న వాటాతో భాగిస్తే వచ్చేదే అది. 30 డిగ్రీల దగ్గర, సుమారు ఐదున్నర బార్ల పీడనంలో ప్రొపేన్‌కు అది దాదాపు 2, బ్యూటేన్‌కు 0.5. మోల్ లెక్కన చెరిసగం కలిపిన మిశ్రమాన్ని ఆ స్థితిలో ఉంచితే సరిగ్గా సగం ఆవిరవుతుంది. ఆవిరిలో మూడింట రెండు వంతులు ప్రొపేన్, ద్రవంలో మూడింట రెండు వంతులు బ్యూటేన్. సిలిండర్ అడుగంటే కొద్దీ బ్యూటేన్ పాలు పెరగడానికి కారణం ఇదే.

రెండు పదార్థాలైతే కాగితం మీదే తేలిపోతుంది. ముడిచమురులోనో సహజవాయువులోనో పది, ఇరవై పదార్థాలు ఉంటే? కంప్యూటర్లు రాకముందు ఇంజినీరు మొత్తం మిశ్రమంలో ఆవిరయ్యే వంతును, అంటే ఆవిరి భాగాన్ని, ఊహించి, చార్టుల్లో కె-విలువలు చూసి, స్లైడ్ రూల్‌తో ఒక్కో పదార్థం వాటా కట్టి, అన్నీ కూడేవాడు. మొత్తం ఒకటి రాకపోతే మళ్లీ మొదటికి.

యంత్రం వచ్చాక అదే పద్ధతిని దానికి అప్పగిస్తే చాలదు. ద్రవంలోని వాటాల మొత్తం ఒకటి కావాలి అన్న షరతునే తీసుకోండి. ఆవిరి భాగం సున్నా అనుకుంటే ఆ మొత్తం ఎప్పుడైనా ఒకటే వస్తుంది, ఎందుకంటే అప్పుడు ద్రవమంటే అసలు మిశ్రమమే. అది సరైన జవాబు కాదని మనిషి పసిగడతాడు. యంత్రం దాన్నే పట్టుకుని ఆగిపోవచ్చు. ఆవిరి వాటాల మొత్తంతో మొదలుపెట్టినా ఇదే చిక్కు, కాకపోతే అవతలి కొసన.

1952 అక్టోబరులో రాచ్‌ఫర్డ్, రైస్ అనే ఇద్దరు అమెరికన్లు 'జర్నల్ ఆఫ్ పెట్రోలియం టెక్నాలజీ'లో దీనికి విరుగుడు చెప్పారు: ఆవిరి వాటాల మొత్తంలోంచి ద్రవ వాటాల మొత్తాన్ని తీసేయండి, ఆ తేడా సున్నా అయ్యే చోటు వెతకండి. ఆవిరి భాగం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూనే పోతుంది, ఎక్కడా పైకి తిరగదు. కాబట్టి ఆవిరి, ద్రవం రెండు దశలూ ఉన్న మిశ్రమంలో సున్నాకూ ఒకటికీ మధ్య సరిగ్గా ఒక్కచోటే సున్నా గీతను దాటుతుంది. ఆ మధ్య దూరాన్ని సగానికి సగం కోసుకుంటూ పోయినా, పది కోతల్లో జవాబు వెయ్యో వంతు లోపలికి చిక్కుతుంది. ఇక్కడ యంత్రం వేగం కన్నా ప్రశ్నను అడిగిన తీరే గొప్పది.

కె-విలువలు మాత్రం స్థిరంగా ఉండవు, మిశ్రమాన్ని బట్టి మారతాయి. వాటి కోసం పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణాలను కలిపే సమీకరణంతో వాన్ డర్ వాల్స్ 1873లో వేసిన బాట పనికొచ్చింది. రెడ్లిక్, క్వాంగ్ 1949లో, సోవే 1972లో, పెంగ్, రాబిన్సన్ 1976లో ఆ సమీకరణాన్ని మెరుగుపరిచారు. ఘనపరిమాణానికి మూడు మూలాలు వచ్చినప్పుడు పెద్దది ఆవిరిది, చిన్నది ద్రవానిది. కంప్యూటర్ మొదట కె-విలువలను ఊహించి, ఫ్లాష్ లెక్క కట్టి, సమీకరణంతో వాటిని సరిదిద్ది, అవి మారడం మానేదాకా చుట్లు తిరుగుతుంది.

ఆవిరికీ ద్రవానికీ తేడా చెరిగిపోయే సందిగ్ధ స్థానం (క్రిటికల్ పాయింట్) దగ్గర ఆ చుట్లు నత్తనడక నడుస్తాయి. ఒక్కోసారి రెండు దశలూ ఒకటేనన్న తప్పు జవాబులో పడతాయి. మిశ్రమం అసలు విడిపోతుందా లేదా అని ముందే తేల్చే పరీక్షను మైకెల్సన్ 1982లో అందించాడు.

కెమికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు సిమ్యులేటర్ మీట నొక్కే ముందు పై చెరిసగం లెక్కను ఒక్కసారి చేత్తో కట్టి చూడాలి, తర్వాత నాలుగు వరుసల ప్రోగ్రామ్ రాయాలి. రెండు చోట్లా ఆవిరి భాగం 0.5 రావాలి.