సేనాపతి ఎవరు? – ‘బాహుబలి’ ఆటపై ఒక పరిశీలన

సినిమాగా మారిన నవలల గురించి మన విమర్శకులు చాలాకాలంగా రాస్తున్నారు. మూలంలో ఏది మిగిలింది, ఏది పోయింది, పోయినది పోదగినదేనా అన్న ప్రశ్నలు మన విద్యార్థులకు కొత్త కావు. సినిమా వీడియో ఆటగా మారినప్పుడు మాత్రం ఈ ప్రశ్నలు అడగవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచదు. అది పిల్లల వ్యవహారమనీ, వ్యాపార ప్రచారంలో ఒక భాగమనీ పక్కన పెడతాము. అలా పక్కన పెట్టడం సరికాదని మా అభిప్రాయం. ఒక కథ కొత్త రూపంలోకి వెళ్ళేటప్పుడు ఏ విలువను వెంట తీసుకువెళ్ళింది, దేనిని గుమ్మం దగ్గరే వదిలివేసింది అన్నది సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన సంగతే.

మమ్మల్ని ఈ ఆలోచనలో పెట్టినది ఒక చిన్న సంభాషణ. రాజపాళయం దగ్గర తళవాయిపురం అనే ఊరు ఉంది. నైటీల కుట్టుపనికి పేరుపడ్డ ఊరు. ఆ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అన్న పద్ధతిలో పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. 2017 వేసవిలో అక్కడ మా విద్యార్థి ఒకరి ఇంట కూర్చున్నప్పుడు, అతని మేనల్లుడు ఫోనులో ‘బాహుబలి’ ఆట ఆడుతూ, “మామా, భల్లాలుడు మనవాడేనా?” అని అడిగాడు. “ఆటలో మనవాడే రా” అన్నాడు మేనమామ. “మరి సినిమాలో?” అన్నాడు పిల్లవాడు. మేనమామ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు దగ్గర ఆగిన ప్రశ్నను కొంచెం ముందుకు తీసుకుపోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొన్ని వివరాలు. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వంలో ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. కథ వి. విజయేంద్రప్రసాద్‌ది. చిత్రాన్ని తెలుగు, తమిళ భాషలలో ఒకేసారి తీశారు. తమిళ సంభాషణలు మదన్ కార్కి రాశారు. కనుక రాజపాళయం వంటి చోట్ల మనవారిలో చాలామంది ఈ తెలుగు కథను తమిళంలోనే విన్నారంటే ఆశ్చర్యం లేదు. రెండవ భాగం విడుదలకు జతగా 2017లో బెంగుళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ సంస్థ చేతి ఫోనులలో ఆడే ఆటను తెచ్చింది. ఆడేవాడు మాహిష్మతి రాజ్యానికి ఒక సేనాపతి. కోటను కట్టుకోవాలి, సైన్యాన్ని తీర్చుకోవాలి, కాలకేయులను ఎదుర్కోవాలి. బాహుబలి, కట్టప్ప, దేవసేన, భల్లాలదేవుడు అతనికి అండగా ఉంటారు. ఫిన్లాండు సంస్థ సూపర్‌సెల్ 2012లో తెచ్చిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ ఈ తరహా ఆటలకు ఒరవడి దిద్దింది.

సేనాపతి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. విజయనగర కాలంలోనూ, మదురై నాయకుల కాలంలోనూ సేనానాయకుణ్ణి దళవాయి అనేవారు. తమిళంలో అదే తళవాయి. తళవాయిపురం పేరులో ఉన్నది ఆ మాటే. సేనాపతి పేరు పెట్టుకున్న ఊరిలో ఒక పిల్లవాడు ఫోనులో సేనాపతి అయ్యాడన్నమాట. ఇది కేవలం కాకతాళీయమే. అయినా, సేనాపతి అంటే ఎవరు అన్న ప్రశ్నకు ఈ సినిమా ఒక సమాధానం చెబుతుంది, ఆట మరొక సమాధానం చెబుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఆట తనకు ఆధారంగా తీసుకున్నది మొదటి భాగం చివర వచ్చే కాలకేయ యుద్ధాన్ని. సినిమాలో ఈ ఘట్టానికి ఉన్న నిర్మాణాన్ని గుర్తు తెచ్చుకుందాం. కాలకేయ ప్రభువును చంపినవానికే సింహాసనం అన్న షరతు ముందే ఏర్పడుతుంది. అంటే మొదట కథ కూడా లెక్కనే నియమంగా పెడుతుంది. ఆ తరువాత ఆ లెక్కను ఒక్కొక్క మెట్టుగా పడగొడుతూ పోతుంది. యుద్ధానికి ముందు దేవికి బలి ఇవ్వాలి. భల్లాలదేవుడు దున్నను నరుకుతాడు. బాహుబలి మూగజీవాన్ని చంపక తన రక్తాన్నే అర్పిస్తాడు. ఆయుధాల పంపకంలో బిజ్జలదేవుడు కొడుకు పక్షం వహిస్తాడు. మంచి ఆయుధాలన్నీ భల్లాలుని వైపు పోతాయి. బాహుబలి ఫిర్యాదు చేయడు. ఉన్న బట్టనే ఆయుధం చేసుకుంటాడు. పెద్ద పెద్ద గుడ్డలను శత్రువులమీదికి విసిరించి నిప్పు పెట్టిస్తాడు. బట్టతో బతికే తళవాయిపురం వంటి ఊరివారు ఈ దృశ్యాన్ని మరికొంత ఇష్టంగా చూసి ఉంటారు.

ఇక అసలు ఘట్టం. కాలకేయులు తమ చేత చిక్కిన మాహిష్మతి ప్రజలను కవచంగా ముందు నిలబెడతారు. శత్రువును చేరాలంటే తన ప్రజలను దాటాలి. భల్లాలదేవుని రథం ఆగదు. బాహుబలి ఆగుతాడు. తాళ్ళు విసిరి ప్రజల కాళ్ళకు చుట్టుకునేలా చేసి, వారిని నేలమీద పడవేసి, వారికి దెబ్బ తగలకుండా వారి మీదుగా శత్రువుపై పడతాడు. చివరకు కాలకేయ ప్రభువును చంపినవాడు భల్లాలుడే. షరతు ప్రకారం సింహాసనం అతనిదే కావాలి. శివగామి మాత్రం బాహుబలిని రాజుగా ప్రకటిస్తుంది, భల్లాలునికి సేనాధిపత్యం ఇస్తుంది. చంపిన లెక్క వీరుణ్ణి చూపుతుంది, కాపాడిన లెక్క రాజును చూపుతుంది అన్నది ఆమె తీర్పు సారం. మొదటి భాగానికి ప్రాణం ఈ తీర్పు. అది లేకపోతే మిగిలేది గుర్రాలు, రథాలు, నిప్పు.

ఆట సరిగ్గా ఇదే యుద్ధాన్ని ఎంచుకుని, సరిగ్గా ఈ తీర్పునే వదిలివేసింది. ఇటువంటి ఆటల్లో గెలుపు ఎంత ధ్వంసం చేశాము, ఎంత కొల్లగొట్టాము అన్నదానిని బట్టి నిర్ణయమవుతుంది. నడుమ నిలిచిన ప్రజకు ఆ లెక్కలో చోటు లేదు. ప్రజలను రక్షించాలన్న మాట కథా పరిచయంలో వినిపించవచ్చు గాక, గెలుపోటముల నియమంలో వినిపించదు. ఆటలో నియమమే అర్థం. వేలు తెరమీద పెట్టి వందసార్లు చేసిన పని మనసుకు నేర్పేదానిని మొదట చదివిన రెండు వాక్యాలు మార్చలేవు.

ప్రజ తొలగిపోగానే బాహుబలికీ భల్లాలునికీ మధ్య తేడా కూడా తొలగిపోయింది. ఇద్దరూ ఒకే సైన్యంలో రెండు ఆయుధాలయ్యారు, ఒకరికొకరు తోడయ్యారు. పిల్లవాడి సందేహానికి మూలం ఇదే. ఆయుధాల కొరతకు కూడా ఇదే గతి పట్టింది. సినిమాలో కొరత ఒక మనిషి గుణానికి పరీక్ష. ఈ తరహా ఆటల్లో కొరత అంటే కొంతసేపు వేచి ఉండడం, లేదా డబ్బు కట్టి ఆ నిరీక్షణను తప్పించుకోవడం. బట్టను ఆయుధం చేసుకున్న ఉపాయానికి అక్కడ పని లేదు.

దీనికి ఒక సమాధానం వెంటనే వస్తుంది. ఆట ఆటే, దానిలో ధర్మసందేహాలకు చోటెక్కడ అంటారు. ఈ వాదాన్ని మేము అంగీకరించలేము. మన ఇళ్ళలోని పాత ఆటలే దీనికి జవాబు. వైకుంఠపాళిలో ప్రతి నిచ్చెనా ఒక గుణం, ప్రతి పామూ ఒక దోషం. తమిళనాట కూడా దానిని పరమపదమని పిల్లలు ఆడుకున్నారు. అయితే అందులో గవ్వలదే పెత్తనం, ఆడేవాని బుద్ధికి పని తక్కువ. అంతకంటె బలమైన ఉదాహరణ పులిజూదం. తమిళంలో ఆడుపులి ఆట్టం. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను చంపగలదు. మేక పులిని చంపలేదు. మేకలు గెలవాలంటే ఒకదానికొకటి అండగా నిలిచి, పులికి కదిలే దారి లేకుండా చేయాలి. మేకల పక్షాన ఆడేవాడు ప్రతి ఎత్తులోనూ చూసుకోవలసినది ఎన్నిటిని చంపామన్నది కాదు, ఎన్నిటిని నిలుపుకున్నామన్నది. బాహుబలి యుద్ధనీతి అదే కదా! గుడి అరుగులమీద గీసి ఉన్న గళ్ళలో దొరికే ఈ నియమం కోట్ల ఖర్చుతో తీసిన సినిమా నుంచి పుట్టిన ఆటకు దొరకకపోవడం విచారకరం. కనుక లోపం ఆట అనే ప్రక్రియది కాదు. అప్పటికే విజయవంతమైన ఒక అచ్చులో మన కథను పోసినందువల్ల వచ్చినది.

అనుసరణలో కొన్ని వదలడం తప్పు కాదు. తెలుగు సాహిత్యం మొదలైనదే అనుసరణతో. నన్నయ మూలాన్ని శ్లోకానికి పద్యంగా తెనిగించలేదు. తిక్కన భీష్మపర్వంలో భగవద్గీతనే ఎంతో సంక్షేపించాడు. అంత పెద్ద భాగాన్ని తగ్గించినా, బంధువులను చూసి విల్లు జారవిడిచిన అర్జునుని సంకటం అక్కడ ఉంది. ప్రశ్న మిగిలింది, ఉపదేశం క్లుప్తమయింది. ఆలంకారికులు చెప్పిన ఔచిత్యాన్ని ఇక్కడ కొలబద్దగా పెట్టుకోవచ్చు. కథలో ఎంత తగ్గించారన్నది పెద్ద విషయం కాదు. కథ ఏ ప్రశ్న కోసం పుట్టిందో ఆ ప్రశ్న కొత్త రూపంలో బతికి ఉందా అన్నదే చూడవలసినది. ఈ కొలతకు ‘బాహుబలి’ ఆట నిలవదు. పేర్లు నిలుపుకుంది, రూపురేఖలు నిలుపుకుంది, సంకటాన్ని పోగొట్టుకుంది.

ఆట పక్షాన చెప్పవలసినవి కూడా ఉన్నాయి. సినిమాలో మాహిష్మతిని మనం చూస్తాము. ఆటలో పిల్లవాడు దానిని తన చేతులతో కడతాడు. గోడ ఎక్కడ ఉండాలి, విలుకాడు ఎక్కడ నిలవాలి అని ఆలోచిస్తాడు. ఒక తెలుగు ఊహానగరం తెలుగునేలకు దూరంగా పెరిగిన పిల్లవాడికి ఇంత సొంతం కావడం చిన్న విషయం కాదు. రెండవ సంగతి, ఆటలోని ఒక లోపం సినిమా నుంచే వచ్చినది. భారతంలో కాలకేయులు సముద్రంలో దాగి రాత్రివేళ మునులను చంపే దానవులు. అగస్త్యుడు సముద్రాన్ని తాగివేసిన కథ వారి కారణంగానే వచ్చింది. సినిమా ఆ పేరును ఒక మనుష్యజాతికి పెట్టింది. వారికి మదన్ కార్కి చేత కిలికిలి అనే ప్రత్యేక భాషను కూడా కల్పింపజేసింది. భాష ఇచ్చి, ఆ భాషలో ఒక మంచి మాట చెప్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు. నలుపు, కేకలు, క్రౌర్యం ఇవే వారి గుర్తులు. ఇతర భాషల నడుమ బతికే మనకు, అర్థం కాని భాష మాట్లాడేవాడు శత్రువే అన్న సూచన ఇబ్బందిగా తోచాలి. ఆ శత్రువును ఆట మరింత తేలికగా లక్ష్యం చేసుకుంది.

తిరిగి సేనాపతి దగ్గరికి వద్దాం. రెండు భాగాలనూ కలిపి చూస్తే ఈ పదవిలో ముగ్గురు కనిపిస్తారు. మొదట భల్లాలుడు. అతనికి అది దక్కని సింహాసనానికి బదులుగా వచ్చినది. తరువాత బాహుబలి. సింహాసనం పోయి సేనాధిపత్యం మిగిలినప్పుడు, అతడు ప్రజల సొత్తుకూ మానానికీ ప్రాణానికీ కాపు ఉంటానని ప్రమాణం చేస్తాడు. పట్టాభిషేకం భల్లాలునిది, జయజయధ్వానం సేనాపతిది. మూడవవాడు సేతుపతి. పదవి చేతికి వచ్చాక గుడికి వచ్చిన స్త్రీల మానంమీద చేయి వేసినవాడు. ఒకే పదవి, ముగ్గురు మనుషులు. తేడా అంతా ప్రజతో వారికున్న సంబంధంలో ఉంది. నాలుగవ సేనాపతిగా ఆట మన పిల్లవాణ్ణి నియమించింది. ప్రజ లేని రాజ్యంలో నియమించింది. అతడు ఈ ముగ్గురిలో ఎవరివంటివాడో తేల్చుకునే అవకాశం ఆ నియామకంలో లేదు.

అయినా ఆ పిల్లవాడు “మరి సినిమాలో?” అని అడగనే అడిగాడు. ఆట వదిలివేసిన ప్రశ్నను అతడు బయటినుంచి తెచ్చి దానిలో పెట్టాడు. విమర్శ అంటే ఇంతకుమించి మరేమీ కాదు. మన విద్యార్థులు ఇటువంటి రూపాలను చిన్నచూపు చూడకుండా, ఇంట్లో తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఆడుతున్నప్పుడు పక్కన కూర్చుని నియమాలను పరిశీలించాలని మా కోరిక. ఇంకొక అడుగు వేయగలిగితే, ఒక కాగితంమీద గళ్ళు గీసి, రెండు సైన్యాల నడుమ కొందరు నిరాయుధులను నిలబెట్టి, వారిలో ఒక్కరు పడినా ఓటమి అన్న నియమంతో ఆట కట్టి చూడండి. దాని నియమాలను మీ ఇంటి తెలుగులోనే రాయండి. ఆ మేనల్లుడికి ఇవ్వవలసిన జవాబు అందులో దొరుకుతుంది.