తూకానికి అందని నగ

తెలుగువారికి నగ అంటే అలంకారం ఎంతో పొదుపు కూడా అంతే కాబట్టి, దాని విలువను తులాల్లో లెక్కగట్టే అలవాటు తరతరాలుగా స్థిరపడింది. నగల దుకాణాలకు పేరుపడిన సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనైనా, మరో బజారులోనైనా రసీదు మీద మొదట కనిపించేది లోహపు బరువు, ఆ తరువాతనే మజూరీ, తరుగు. మజూరీ అంటే పనివాడి శ్రమకు కట్టిన వెల. తరుగు అంటే తయారీలో పోయిందని లెక్కవేసే లోహం. కొనేవారు బరువును మారుమాట లేకుండా ఒప్పుకుని మజూరీ దగ్గర మాత్రం బేరానికి దిగుతారు. చేతితో చేసిన నగలకు హస్తకళా ప్రదర్శనల్లో ఎదురయ్యే చిక్కంతా ఈ అలవాటులోనే ఉంది, ఎందుకంటే అక్కడ అమ్మకానికి వచ్చే వస్తువుల్లో పదార్థం తక్కువ, పని ఎక్కువ.

హస్తకళా మేళా అనే పేరు కొత్తదే గానీ, ఉత్సవానికి వెళ్లి గాజులో పూసలో కొనుక్కుని రావడం జాతరంత పాత ఆచారం. ఆషాఢమాసంలో గోల్కొండలో మొదలయ్యే బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి ఆలయానికీ, చిలకలగూడలోని పోచమ్మ, కట్టమైసమ్మ గుడులకూ చేరినప్పుడు, అమ్మవారికి పసుపు కుంకుమలతో పాటు గాజులు సమర్పించే ఆడవారి కోసం గాజుల బండ్లు కూడా వెలుస్తాయి. అక్కడ తులాల లెక్క ఉండదు, డజన్ల లెక్కే. 1992లో మాదాపూర్‌లో ఏర్పడిన శిల్పారామం వంటి వేదికలు దీనికి మరో రూపం ఇచ్చాయి; దళారీ ప్రమేయం లేకుండా పనివాడే వచ్చి తన సరుకు అమ్ముకోవాలన్నది వాటి ఆశయం. ఆ ఆశయం మంచిదే అయినా, పనివాడు కనిపించి పని కనిపించకపోతే అంగడి మరో దుకాణంగానే మిగులుతుంది.

హైదరాబాద్ లక్క గాజునే తీసుకుంటే, దానిలో తూకం వేయదగినదేదీ లేదు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా బతికే ఒక చిన్న పురుగు స్రవించే జిగురే లక్క. అది వేడికి మెత్తబడి చల్లారితే గట్టిపడుతుంది. భారతంలో లక్కయిల్లు తగలబడడానికి కారణమైన పదార్థమే, చార్మినార్ పక్కనున్న లాడ్ బజారుకు గాజులు అందించే పనివారికి జీవనాధారమైంది. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను కాచి, పొడి కలిపి మర్దించి, దానికి రంగు లక్క పట్టించి, బల్ల మీద సన్నని కడ్డీగా సాగదీసి, వేడి తగ్గేలోపు వలయంగా వంచి రెండు కొనలను అతుకుతారు. తరువాత కొన సన్నగిల్లే కొయ్య మీదికి తొడిగి కొలత సరిచేస్తారు. రాళ్లు పొదగడం అసలు పరీక్ష. లక్కను మళ్లీ వెచ్చచేసి ఒక్కొక్క రాయినీ సన్నని పనిముట్టుతో ఎత్తి వరుసగా నొక్కాలి. వేడి మించితే రాయి మునిగిపోతుంది, చాలకపోతే రాలిపోతుంది. ఆ మధ్యనున్న క్షణాన్ని పనివాడు చెప్పలేడు, వేళ్లతో గుర్తుపడతాడు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతానికే చెందిన సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా 1999 నాటి చట్టం ఇచ్చే రక్షణ అది. చట్టం పేరును కాపాడగలదు గానీ, పక్కనే మెరిసే ప్లాస్టిక్ గాజుకూ దీనికీ తేడా చూడగలిగే కన్నును కొనేవారే సంపాదించుకోవాలి.

కరీంనగర్ వెండి తీగ పని విషయంలో తూకం మరింత మోసం చేస్తుంది. ఫిలిగ్రీగా పేరొందిన ఈ కళకు కరీంనగర్ పక్కనున్న ఎలగందుల పుట్టినిల్లని చెబుతారు. వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలకను కంసాలులు కమ్మచ్చు అంటారు. మెత్తని వెండిని ఆ రంధ్రాల గుండా మళ్లీ మళ్లీ లాగి వెంట్రుకను తలపించే తీగ తీస్తారు. రెండు తీగలను పురిపెట్టి, అదిమి, ఆకులుగా, చుట్టలుగా వంచి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో అమర్చి, వెలిగారం, టంకం పొడి చల్లి మంటతో అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే జాలీ మొత్తం ముద్దవుతుంది. ఇంత చేసిన లోలాకులను త్రాసులో వేస్తే మిగిలేవి కొద్ది గ్రాములే, ఎందుకంటే ఆ పనితనమంతా వెండిని తీసివేసి ఖాళీని నిలబెట్టడంలో ఉంది.

డోక్రా అనే ఆదిలాబాద్ ఇత్తడి పోత పని ఇందుకు భిన్నమైన దారిలో అదే పాఠం చెబుతుంది. ఈ పని చేసే ఓజ సముదాయం వారు మట్టి ముద్ద మీద మైనపు పోగులను చుట్టి రూపం తీర్చి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోసి, చల్లారాక మట్టిని పగలగొడతారు. మొహెంజొదారో నాట్యగత్తె కంచు బొమ్మ కూడా ఈ పద్ధతిలోనే పోసినది. అచ్చు పగిలితే గానీ వస్తువు బయటపడదు కాబట్టి ఒకదానిలాంటిది మరొకటి ఉండదు. మైనపు పోగుల చారలు ఇత్తడి మీద అలాగే నిలిచిపోతాయి.

ఈ మూడింటినీ గుర్తుపట్టడానికి పాండిత్యం అక్కరలేదు. లక్క గాజుకు అతుకు ఎక్కడుందో, రాళ్ల వరుస ఎక్కడ చెయ్యి వణికినట్టు కాస్త తప్పిందో వెతకాలి. వెండి పనిని తిరగేసి పురి తీగ వెనుక వైపున కూడా కనిపిస్తోందో, యంత్రపు పోతలా చదునుగా ఉందో చూడాలి. డోక్రా మీద పోగుల జాడను వేలితో తడమాలి. అయితే ఈ చూపు పుస్తకాల కంటే కుంపటి పక్కన నిలబడితేనే త్వరగా అబ్బుతుంది. అందువల్ల ప్రదర్శన నిర్వాహకులు అమ్మకపు బల్లకు ఇచ్చినంత చోటు పనిముట్లకు కూడా ఇవ్వాలి, మాదాపూర్ వరకూ రాలేని కుటుంబాల కోసం చిలకలగూడ వంటి బస్తీల్లో బోనాల వేళ ఒక్క గాజుల కుంపటినైనా వెలిగించాలి. కొనేవారు చేయవలసింది ఇంకా తేలిక: ధర అడగడానికి ముందు వస్తువును ఒకసారి తిరగేసి చూడాలి.