గుంటుకకు అందని మోడు

ఎండలు ముదిరేసరికి బోడుప్పల్, పీర్జాదిగూడల్లో ఖాళీ ప్లాట్లలోని ఎండుగడ్డికి ఎవరో ఒకరు అగ్గి పెట్టడం ఏటా ఉన్నదే. వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి భువనగిరి వైపు వెళితే అదే పొగ పత్తి చేలల్లో లేస్తుంది. ఈ పొగ మీద మాట వచ్చినప్పుడల్లా ‘ఎడ్లున్న రోజుల్లో ఇదంతా ఎక్కడిది’ అని ముగించేవాళ్లుంటారు. ఈ వారం నాకు చికాకు తెప్పించింది ఆ మాటే. నేను ఎద్దు పక్షమని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ట్రాక్టరు బరువుకు నేల అడుగున గట్టిపడటం గురించి, పేడ ముఖం చూడని పొలం గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను. అలాంటి నాకు ఆ మాట నచ్చాలి నిజానికి. కానీ అది సగమే నిజం. ఆ సగాన్ని పట్టుకుని పోతే రైతుకు పనికిరాని సలహా దగ్గర ఆగుతాం.

ముందు ఆ నిజమైన సగం చూద్దాం. మన మెట్ట సేద్యంలో పంట తీశాక మోళ్ల పని చూసింది గుంటుక. ఒక మొద్దు, దాని కింద అడ్డంగా బిగించిన ఇనుప బద్ద, ముందు రెండు ఎడ్లు. బద్ద నేల పైపొరలోనే, రెండు మూడు అంగుళాల లోతున జారుతూ పోతుంది. జొన్న కొయ్యలను వేళ్ల దగ్గర తెంపి పైకి తేలుస్తుంది, కలుపునూ అదే చాలులో కోస్తుంది, నేల పైన పలచని పొడిమట్టి పరిచి అడుగు తేమను కొంత కాపాడుతుంది. మట్టిని తిరగేయకుండా ఇన్ని పనులు చేసే పనిముట్టు ఇంత చవకగా మరొకటి లేదు. అయితే గుంటుక గెలుపులో సగం జొన్నది. జొన్న వేళ్లు పీచులా పైపైనే అల్లుకుంటాయి. దంటు ముందే కొడవలికి తెగి, చొప్పగా పశువుల ముందుకు చేరిపోతుంది. చేలో మిగిలేది జానెడు కొయ్య. పత్తి అలా కాదు. దాని తల్లివేరు నేలలోకి సూటిగా దిగుతుంది, కట్టె చెట్టుకొమ్మలా ముదురుతుంది. ఆ మోడుకు తగిలితే గుంటుక బద్ద పక్కకు ఒరుగుతుంది, లేదా ఎడ్లు ఆగిపోతాయి. తెలంగాణలో ఇప్పుడు ఏటా 45 లక్షల ఎకరాలకు అటూ ఇటూగా పత్తి సాగవుతోంది. జొన్న, ఆముదం చేలు చాలాచోట్ల పత్తి చేలయ్యాయి. ఎడ్లు పోవడం ఒక మార్పు. ఎడ్లు ఉన్నా మోడు తీయలేని పంట రావడం ఇంకో మార్పు. రెండోదాన్ని దాచి మొదటిదాన్నే తలచుకోవడం న్యాయం కాదు.

అమెరికా పత్తి రాష్ట్రాల రైతులకు ఈ చిక్కు నూరేళ్లకు ముందే ఎదురైంది. వాళ్లు చేసుకున్నది గుర్రాలు లాగే కట్టె కోత బండి. రెండు చక్రాల మధ్య ఒక పీపా, దాని చుట్టూ పొడవాటి కత్తులు, పైన మనిషి కూర్చునే ఆసనం. ముందుండే కొక్కేలు కట్టెలను వరసలో వంచి పడేస్తే, దొర్లుతూ వచ్చే పీపా వాటిని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు తర్వాతి దుక్కిలో మట్టిలో కలుస్తాయి. ఆ బండి మన దగ్గరికి ఎందుకు రాలేదన్నదానికి జవాబు పశువులోనే ఉంది. అది బరువుతో పాటు వేగం మీద కోసే యంత్రం. గుర్రం, కంచరగాడిద నడకకు కుదిరిన పని నిదానంగా అడుగేసే ఎద్దుకు కుదరదు. గుర్రాన్ని మనవాళ్లు దుక్కికి పెంచలేదు. హైదరాబాద్‌లో అది ఫౌజుకు, టాంగాకు, మలక్‌పేట పందేలకు పనికొచ్చింది. దానికి గింజ మేపు కావాలి. మెట్ట రైతుకు తన తిండిగింజలకే కరువు.

అసలు కారణం మాత్రం వేరే ఉందనుకుంటాను. కట్టెను ముక్కలు చేసి మట్టిలో కలిపే యంత్రం అక్కర వచ్చేది, ఆ కట్టెను అడిగేవాళ్లు లేనప్పుడే. మన ఊళ్లలో అడిగేది పొయ్యి. పత్తి కట్టె, కంది కట్టె, ఆముదం కట్టె అన్నీ మోపులై ఇంటికి వచ్చేవి. చేను శుభ్రం చేయించింది పనిముట్టు కంటే ఎక్కువగా ఆ వంటచెరకు అవసరమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం పేదింటికి గ్యాసు తెచ్చాయి. పొగలో కళ్లు పాడుచేసుకున్న ఆడవాళ్లకు అది పెద్ద విముక్తి, దాన్ని వెనక్కి తిప్పాలని ఎవరూ కోరకూడదు. కానీ పొయ్యి ఆరిపోయిన ఊళ్లో పత్తి కట్టెకు దిక్కు లేకుండా పోయింది. కూలి ఇచ్చి పీకించినా, పీకిన కట్టెతో ఏంచేయాలో తెలియని రైతు అగ్గిపుల్ల గీస్తున్నాడు.

ఇక్కడిదాకా వచ్చాక, కట్టెను అడిగేవాళ్లను మళ్లీ వెతికితే చాలని అనిపిస్తుంది. పత్తి కట్టెతో ఇంధన దిమ్మెలు, చెక్కపొడి పలకలు చేయొచ్చని, పుట్టగొడుగులు పెంచొచ్చని ముంబయిలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఏళ్లుగా చూపిస్తూనే ఉంది. అవన్నీ మంచివే. కానీ ఆ దారిలో పత్తి కాయను తొలిచే గులాబీరంగు పురుగు కూర్చుని ఉంది. ఇది మన దేశపు పాత శత్రువు. 1840ల్లో గుజరాత్‌లోని భరూచ్ నుంచి పంపిన నమూనాలతోనే శాస్త్రం దాన్ని తొలిసారి వర్ణించింది. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి తరం బీటీని ఆ పురుగు తట్టుకున్నట్టు తేలింది, తర్వాత రెండో తరానికీ అలవాటు పడింది. పంట చివర విచ్చుకోని గుడ్డికాయల్లో, జంటగా అతికించుకున్న గింజల మధ్య అది నిద్రలో వేసవి గడుపుతుంది. తొలకరి తర్వాత రెక్కల పురుగై లేస్తుంది. అంటే గట్టు మీదో, ఇంటి వెనకో వామి వేసిన పత్తి కట్టె ఆ పురుగుకు వేసవి విడిది. మనం మెచ్చుకునే ఆ పాత పొదుపు, కట్టె వృథా చేయకుండా దాచుకునే అలవాటు, గులాబీరంగు పురుగుకు ఏటా ఇల్లు కట్టి పెట్టింది. దిమ్మెల ఫ్యాక్టరీ కోసం జూన్ దాకా నిలవ ఉంచే కుప్ప కూడా అంతే. కొనేవాళ్లు దొరికేదాకా ఆగుదామనడం ఈ పంటలో కుదరని మాట. కట్టె ఎక్కడికి వెళ్తుందన్న దానికంటే ఏ తేదీలోగా కాయతో సహా నలుగుతుందన్నదే ముఖ్యం.

మరి పురుగే శత్రువైతే కాల్చడం మంచిదే కదా అని అడగొచ్చు. బలమైన ప్రశ్నే. మంటలో పడిన కాయలోని పురుగు చస్తుంది, సందేహం లేదు. కానీ నేల మీద రాలిన కాయలను, మట్టి బీటల్లోకి జారిన గింజలను మంట పూర్తిగా అందుకోదు. పైగా కట్టె బాగా ఎండాలని రైతు నెలల తరబడి ఆగుతాడు, చాలాసార్లు తొలకరి ముందర కాలుస్తాడు. ఇక పొలం నష్టం. ఎకరానికి సుమారు టన్ను కట్టె వస్తుంది. కాలిస్తే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, బూడిదలో పొటాష్ లాంటివి కొంత మిగులుతాయి. మన ఎర్ర చెల్కల్లో అసలే తక్కువగా ఉన్న సేంద్రియ పదార్థానికి వచ్చే వాటా పోతుంది. ముక్కలు చేసి కలిపినా చిక్కు లేకపోలేదు. పత్తి ముక్క గట్టిది, తేమ లేని మెట్టలో వానలదాకా కుళ్లదు, కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని కొంతకాలం తనవైపు లాక్కుంటుంది. అందుకే ఎంత సన్నగా నలిపితే అంత మేలు. ట్రాక్టరు వెనక తగిలించే ష్రెడ్డరు చేసేది ఆ పనే, అదీ జనవరి దాటకుండా చేయగలదు. ఎద్దు పక్షపు కాలమ్‌లో ట్రాక్టరుకు ఓటు వేయాల్సి వచ్చింది. సాక్ష్యం అటే ఉంది, వేస్తున్నాను.

కానీ ఒక్క రైతు ష్రెడ్డరు తోలించి ప్రయోజనం లేదు. తన చేను నలిపినవాడి మీదికి పక్క చేలోంచి రెక్కల పురుగు వస్తుంది. అమెరికాలో 1890ల్లో పత్తి ముక్కుపురుగు టెక్సాస్‌లోకి దిగినప్పుడు, పరిశీలనకు వెళ్లిన వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త టౌన్‌సెండ్ పంట ముగియగానే కట్టెను నాశనం చేయడం లాంటి ఉమ్మడి చర్యలు కోరాడు. చట్టసభ కదల్లేదు, పురుగు కదిలింది. 1917లో గులాబీరంగు పురుగు కూడా టెక్సాస్ చేరాక కట్టె తీసే గడువు చట్టంలోకి ఎక్కింది. 2018లో అమెరికా ఆ పురుగు నుంచి విముక్తి ప్రకటించుకుంది. బీటీ పత్తి, గొడ్డు పురుగులను వదలడం, లింగాకర్షక ఎరలతో పాటు అందరూ ఒకే గడువులో కట్టె తీయడమూ అందులో భాగం. రెండున్నర ఎకరాల సగటు కమతం ఉన్న తెలంగాణలో ఆ గడువును జరిమానాతో తేవడం అన్యాయం, అసాధ్యం కూడా. ఫిబ్రవరి, మార్చిలో వచ్చే చివరి ఏరుడు పత్తి ఒక ఇంటికి బడి ఫీజు కావచ్చు. దాన్ని వదులుకోమంటే బదులు ఏదో ఇవ్వాలి. పురుగు తగ్గితే లాభం ఊరందరిది, అందుకే ఖర్చు కూడా ఉమ్మడి సొమ్ము నుంచి రావాలి. ఊరి చేలన్నిటికీ వరసగా ఒకే వారంలో, కిరాయి లేకుండా ష్రెడ్డరు తిరగాలి. పాసు పుస్తకం చూసి ఇచ్చే సబ్సిడీ యంత్రం కౌలు రైతు చేను గట్టు దగ్గరే ఆగుతుంది. అతని చేలో పురుగు మాత్రం పాసు పుస్తకం అడగదు. గడువు జిన్నింగ్ మిల్లులకూ ఉండాలి. వేసవి దాకా ఆవరణలో నిలవ ఉండే పత్తిలో, గింజల కుప్పల్లో అదే పురుగు నిద్రపోతుంది. రైతు కట్టెకు జనవరి గడువు పెట్టే అధికారి, మిల్లు గింజలకూ అదే కాగితం మీద తేదీ రాసి సంతకం చేయాలి.