సంచారి కాని వ్యాధి

భరతుడు నాట్యశాస్త్రంలో వ్యాధిని 33 సంచారిభావాలలో ఒకటిగా లెక్కించినాడు. ఆలంకారికులు చెప్పిన పది విరహావస్థలలోనూ దానికి చోటున్నది. అనగా మన శాస్త్రకారుల దృష్టిలో వ్యాధి ప్రేమకు ఫలం. ప్రియుడు దూరమైన నాయిక కృశిస్తుంది. అతడు రాగానే తేరుకుంటుంది. వచ్చి పోయేది గనుకనే అది సంచారి. అయితే ప్రియుడు పక్కనే ఉండగా, విరహమన్నది లేకుండగా, రాత్రింబగళ్లు వెన్ను సలుపుతూనే ఉంటే ఆ స్థితిని ఏ భావంలో చేర్చాలి? ఏళ్ల తరబడి విడువని నొప్పి స్థాయిగా పీట వేసుకొని కూర్చుని, రతిని సంచారిగా మార్చివేస్తుంది.

మన చలనచిత్రాలు చాలవరకు పాతదారినే నడిచినవి. 1953 నాటి ‘దేవదాసు’లో జబ్బు విరహానికి కొనసాగింపే. తెరమీద రోగం చంపడానికే వస్తుంది. చంపకుండా ఉండిపోయిన నొప్పితో కాపురం చేసే దంపతులు అక్కడ అరుదు. దీనికి భాషాదారిద్ర్యం కారణం కాదు. పోటు, సలుపు, తీపు, పీకు, మంట, కలుక్కుమనడం - తెలుగువానికి నొప్పి చెప్పుకోవడానికి మాటలకేమి కొదువ! కెమెరాకే ఆ మాటలు లేవు. దానికి దొరికినది ముఖం చిట్లించడం ఒక్కటే.

అమెరికా చిత్రం ‘కేక్’ (2014) ఆ చిక్కును కొంత దాటినది. జెన్నిఫర్ ఆనిస్టన్ ధరించిన క్లెయిర్ కారులో నిటారుగా కూర్చోలేక, సీటు వెనక్కు వాల్చి పడుకొని ప్రయాణిస్తుంది. ఆమెకు నిజమైన సాన్నిహిత్యం ఇంట్లో పనిచేసే సిల్వానాతోనే. ఇంతవరకు బాగున్నది. కాని చివర ఆమె సీటును పైకి లేపి కూర్చుంటుంది. కొడుకును పోగొట్టుకున్న దుఃఖం సడలినది, నొప్పీ సడలినది. నొప్పి ఇక్కడ దుఃఖానికి ఉపమానమైపోయినది. పదేళ్లుగా నడుము పట్టివేసిన ప్రేక్షకురాలు దీనిని చూచి, తన మనస్సే ఇంకా బాగుపడలేదు కాబోలునని నొచ్చుకోవలసిందే గదా!

స్పెయిన్ దర్శకుడు పెద్రో అల్మొదోవర్ ‘పెయిన్ అండ్ గ్లోరీ’ (2019)లో ఈ ఉపమానం జోలికి అంతగా పోలేదు. ఆంటోనియో బాండెరాస్‌కు ఆ ఏటి కాన్ ఉత్సవంలో ఉత్తమనటుడి బహుమానం తెచ్చిన పాత్ర సాల్వడోర్ మాయో, నొప్పుల వల్ల పని మానుకున్న చిత్రదర్శకుడు. అతడు నేలపై మోకాలు ఆన్చవలసివస్తే ముందు దిండు పరుస్తాడు. ఆ దిండు పరచడంలో ఎన్నో ఏళ్ల అలవాటు కనబడుతుంది, మూలుగు అక్కరలేదు. హెరాయిన్ ఉదంతం మాత్రం కథను నడపడానికి తెచ్చినదిగా నాకు తోచినది.

ఈ చిత్రానికి ప్రాణం ఒక రాత్రి కలయిక. దశాబ్దాల క్రితం విడిపోయిన ఫెడెరికో వస్తాడు. ఇద్దరూ పాతమాటలు చెప్పుకుంటారు, గుమ్మం దగ్గర ముద్దు పెట్టుకుంటారు. ఈ రాత్రి ఉండమంటావా అని ఫెడెరికో అడుగుతాడు. సాల్వడోర్‌కు కోరిక ఉన్నది, దాచుకోడు. అయినా కథను ఇక్కడితో ముగిద్దామంటాడు. కారణంగా నొప్పి మాట ఎత్తడు. ఆ దిండును చూచిన మనకు మాత్రం అది స్ఫురించక మానదు. కోరిక చచ్చిపోలేదని, శరీరం ఒప్పుకోకపోవడం ప్రేమ లేకపోవడం కాదని ఈ ఘట్టం ఎంత తక్కువ మాటలతో తెలిపినది! ఇళ్లలో జరిగే అపార్థమంతా ఇక్కడే పుడుతుంది. తాకితే నొస్తుందేమోనని ఒకరు వెనుదీస్తారు, తనను రోసినారని రెండవవారు తలుస్తారు.

అయినా ఇది వెళ్లిపోయే అతిథితో ఒక్క రాత్రి. మర్నాడూ అదే మంచంపై లేవవలసిన దంపతుల కథ మిగిలే ఉన్నది. కీళ్లవాతంతో చేతులు పైకెత్తలేని మా పెద్దమ్మకు పెదనాన్నగారు రోజూ జడ వేసేవారు. పాయ లాగినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకొనేది, ఆయన చేయి ఆపి కాసేపు కాచుకొనేవారు. అది శృంగారమని గుర్తించే వయస్సు నాకప్పుడు లేదు. ఆ కాచుకోవడాన్ని ఇంతవరకు ఏ తెరమీదనూ చూడలేదు.